ఒంటికత్తి వాకిలి

కురువింద రాజ్యానికి ఉత్తరపు పొలిమేరలో నేల ఉన్నట్టుండి ఎర్రబడుతుంది. అక్కడినుంచి జేగురుకోన మొదలు. తొలకరి మేఘాలు కొండల నడుములు రాసుకుంటూ ఏనుగుల మందలా కదులుతున్నాయి. వాగులన్నీ కుంకుమ కలిపినట్టు ఎర్రగా పారుతున్నాయి. మొగలిపొదల వాసన, తడిసిన బండల వాసన, ఎక్కడో రాలి కుళ్లిన ఇప్పపూల మత్తువాసన ఒకదాన్నొకటి తోసుకుంటూ ముక్కులకెక్కుతున్నాయి. పచ్చని చీరకు ఎర్రంచు పెట్టినట్టు అడవి అంచున ఆ నేల మెరుస్తూ ఉంది.

ఆ అందాన్ని చూసే తీరిక ఆ ముగ్గురు ప్రయాణికుల్లో ఎవరికీ లేదు. ముగ్గురూ వెనక్కి చూసుకుంటూ వస్తున్నారు. వెనక్కి చూడనప్పుడు ఒకరినొకరు చూసుకుంటున్నారు.

ముందు గుర్రం మీద ఉన్నవాడు కురువింద యువరాజు శరభకేతుడు. పక్కన దండనాథుని కొడుకు ఉత్తుంగుడు. ఇద్దరూ ఒకే పలకమీద అక్షరాలు దిద్దినవాళ్లు, ఒకే గురువు చేత దెబ్బలు తిన్నవాళ్లు. వెనక కంచరగాడిద మీద గొంగడి కప్పుకుని వణుకుతున్న ముసలాయన సింగారప్ప, యువరాజు కత్తుల కొట్టానికి పెద్ద. ఏరు దాటినప్పటినుంచి ఆయనకు జ్వరం.

యువరాజు చెల్లెలు వల్లకీదేవిని భస్మలోచనుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయి, జేగురుకోన నడిబొడ్డున తన తోటలో నాటాడు. నాటాడనే అనాలి. అతని తోటలో నిలబెట్టిన మనిషి పాదాల దగ్గర మొదలై కొంచెం కొంచెంగా చెట్టయిపోతుంది. తొలకరి ముగిసేలోపు ఆమె కొమ్మన మొదటి మొగ్గ విచ్చుకుందంటే ఇక వల్లకి మనిషి కాదు. అన్న అనేవాడు వచ్చి ఎంత పిలిచినా ఆకు కదలడం తప్ప జవాబుండదు.

అందుకే ఈ పరుగు. కానీ ఎంత పరుగెత్తినా, ఏ దొంగదారి పట్టినా, మాంత్రికుడి బూడిదరౌతులు తెల్లారేసరికి వెనకే ఉంటున్నారు. గుర్రపు డెక్కలకు గుడ్డలు కట్టినా, వాగులో అడ్డంగా నడిచినా ఫలితం లేదు. ఎవరో వేలు పట్టుకుని తీసుకొస్తున్నట్టు వస్తున్నారు.

కోనలోకి పోవడానికి ఒకటే తోవ. అడుగు కనిపించని లోయ మీద పేముతీగల వంతెన, దానికి ఇవతల ఒక రాతి వాకిలి, వాకిలి పక్కన ఒక గుడిసె. వాకిట్లో ఒక ఆడమనిషి మామిడికాయ చెక్కు తీస్తూ కూర్చుని ఉంది. పళ్లు ఒక్కటీ లేవు. జుట్టు మాత్రం కారునలుపు. ఆమె పేరు పోలి. ఆ వాకిలి కాపలా వాళ్ల ఇంటి ఆడవాళ్లదే.

"ఆడనే ఆగండి," అంది తలెత్తకుండా. "కత్తులెన్ని?"

"నేను కురువింద యువరాజును," అన్నాడు శరభకేతుడు.

"నేనడిగింది కత్తుల సంగతి."

ఉత్తుంగుడు ఫక్కున నవ్వాడు. సింగారప్ప మాత్రం మొహం చిట్లించి, కంచరగాడిద మీది మైనపుగుడ్డ చుట్టిన పెట్టె వైపు చేయి చూపించాడు. ఆ పెట్టెను ఇద్దరు మనుషులు ఎత్తాలి. శరభకేతుడికి కత్తులంటే పిచ్చి. ఏ దేశపు వర్తకుడు కోటలో అడుగుపెట్టినా రత్నాల మాట ఎత్తేవాడు కాదు, కత్తి ఏదైనా ఉందా అని అడిగేవాడు. చెల్లెలి కోసం బయలుదేరుతూ కూడా, ఏది ఎప్పుడు అక్కరకొస్తుందో అని పెట్టెనంతా కట్టించాడు.

పోలి పెట్టెను చూసింది, యువరాజును చూసింది, మళ్లీ పెట్టెను చూసింది.

"మనిషికొక కత్తి. అంతకుమించి లోపలికి పోదు. కత్తులు దండిగా ఉన్నోడు కనపడిందల్లా నరుకుతా పోతాడు. ఒకటే ఉన్నోడు, ఇది మొద్దుబారితే నా గతేందని కాసింత ఆలోచిస్తాడు. మా అవ్వల కాలం నుంచీ ఇదే కట్టు. ఇంకోటుంది. దింపే ప్రతి కత్తినీ ఒరలోంచి తీసి, అది ఏం కోసిందో నాకు చెప్పి దింపాల. గుడిసె లోపల, తలుపేసి. కత్తులు కోసినయ్యన్నీ నలుగురిలో చెప్పుకునేయి కాదు గదా."

"మాకు అంత సమయం లేదమ్మా," అన్నాడు శరభకేతుడు.

"అది నాకూ తెలస్తానే ఉంది," అని పోలి చెక్కు తీసే కత్తితో అతని భుజం మీదుగా వెనక్కి చూపించింది. "ఆ పొగ యెవురిది?"

ముగ్గురూ తిరిగారు. వాన కురుస్తున్న కొండ భుజం మీద సన్నటి బూడిదరంగు పొగ లేస్తూ ఉంది. వానలో ఆరని పొగ బూడిదరౌతులదే. వాళ్ల గుర్రాల ముక్కుల్లోంచి వచ్చే పొగ అది.

"మీరు దిగొచ్చిన కనమ మా పశువులకు గూడా సరింగా తెలవదు," అంది పోలి. ఆమె చూపు తాపీగా ఒకరి మీదినుంచి ఒకరి మీదికి పాకింది. "వాళ్లకెట్ట తెలిసింది? మీలో యెవురో పిలస్తా ఉండారు."

ఆ మాటతో అక్కడ గాలి బిగుసుకుంది. సింగారప్ప ఉత్తుంగుడి వైపు చూశాడు. ఉత్తుంగుడు సింగారప్ప వైపు చూశాడు. యువరాజు ఇద్దర్నీ చూసి, ఆ తర్వాత పోలిని చూశాడు. ఈమె మాత్రం ఎవరి మనిషో ఏం తెలుసు?

"తాళంచెవి ఇయ్యి సింగారప్పా," అన్నాడు.

ముసలాయన మెడలోని తాడు తీసి ఇచ్చాడు. ఇచ్చి వెంటనే చూపు తిప్పుకున్నాడు. జ్వరమో, మరోటో.

గుడిసె తలుపు మూసి పెట్టె మూత ఎత్తగానే పైకప్పు సందులోంచి పడిన వెలుతురుకు లోపలంతా తళతళలాడింది. నెమలి మెడలాంటి నీలిపిడి బాకు, నెలవంక కటారి, తల్లి మహారాణి ఇచ్చిన పచ్చలపిడి చురకత్తి, పాకే పాములా మెలికలు తిరిగిన ద్వీపాంతరపు కత్తి, తామరరేకంత పలచని విసురుకత్తి. ఒక్కొక్కదానికీ పట్టు మెత్త, పట్టు మీద జరీపోగు. అన్నిటికీ అడుగున, మెత్త కూడా లేకుండా, కర్ర ఒరలో ఒక మోటుకత్తి. ఎప్పుడో పశువుల సంతలో ఒక గొర్రెలకాపరి దగ్గర శాలువా ఇచ్చి మార్చుకున్నది. చండ్రకర్ర పిడి, జానెడు ఇనుము. కాపరుల కత్తి ఒకటి లేకపోతే కొట్టంలో వెలితిగా ఉంటుందని తెచ్చాడంతే.

పోలి బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "కానీ. ఇదేం కోసింది?"

"నెమలిపిడి బాకు. ఇది... ఏమీ కోయలేదు."

"పండైనా?"

"లేదు."

"ఈ నెలవంకది?"

"అదీ ఏమీ కోయలేదు."

"మరెందుకివన్నీ?"

"చూడ్డానికి బాగుంటాయి."

"నా మొదటి మొగుడూ ఇట్టాంటోడే. సూడ్డానికి మా బాగుండేవోడు." పోలి నోరంతా తెరిచి నవ్వింది. "ఒరలోంచి తియ్యాల రాజా. పేరు చెప్తే సాలదు."

శరభకేతుడు చెవులు ఎర్రబడగా నెమలిపిడి బాకును దూసి ఆమె ముందు పెట్టబోయాడు. చేయి గాల్లోనే ఆగిపోయింది.

బాకు మొన వంగి ఉంది.

గోరంత వంపు. మరొకరైతే చూసేవారు కాదు. కానీ ఈ కత్తుల్ని అతను కళ్లు మూసుకుని వేలితో తడిమి గుర్తుపట్టగలడు. బయలుదేరేనాటికి ఆ మొన సూదిలా ఉంది. గబగబా కటారి దూశాడు. వాదర మీద చిన్న పెచ్చు లేచిపోయింది. పచ్చలపిడి చురకత్తిని దూసి ఆడించాడు. పిడిలో టకటకమని చప్పుడు. ఎవరో దాన్ని గట్టిదానిమీద కొట్టారు, పిడి వదులైంది. తామరరేకు కత్తి అలలా ముడతపడి ఉంది.

పోలి నవ్వు ఆగింది. "ఏమీ కొయ్యలేదంటివే?"

"నేను కోయలేదు."

అడుగున ఉన్న కాపరి కత్తిని తీశాడు. వానకు కర్ర ఒర ఉబ్బి కత్తిని కరిచి పట్టుకుంది. గుంజితే రాలేదు. పోలి లాక్కుని ఒర అంచును మోకాటి చిప్ప మీద ఒక్కసారి తట్టింది. కత్తి జారి చేతిలోకి వచ్చింది. వెన్ను దగ్గర వేలెడు మందం. ఇనుము పిడి చివరిదాకా ఒకే ముక్కగా పోయి, రెండు పక్కలా కర్రను ఇనుప మేకులు పట్టుకుని ఉన్నాయి. ఎక్కడా వంపు లేదు, పెచ్చు లేదు. కానీ వాదర పొడుగునా గోధుమరంగు జిగురు ఎండి పట్టుకుని ఉంది. దాని కింద కొత్తగా నూరిన గీతలు. సానరాతి మీద నూరితే గీతలు సన్నగా ఉంటాయి. ఇవి గరుకుగా, అడ్డదిడ్డంగా ఉన్నాయి. ఏటిరాతి మీద నూరినవి.

"చెట్టు జిగురు," అన్నాడు శరభకేతుడు. "దారి పొడుగునా ఎవరో చెట్లకు గాట్లు పెట్టుకుంటూ వచ్చారు. వెనకవాళ్లకు గుర్తులు."

"నీ కత్తులతోనే."

"మా ఆయుధాలన్నీ ప్రతి సాయంత్రం సింగారప్ప తుడిచిపెడతాడు. ఎవరి కత్తికి జిగురంటినా బయటపడేది. ఈ పెట్టెను మాత్రం వానకు మైనపుగుడ్డ చుట్టాక మేమెవరం తెరవలేదు. దొంగకు తెలుసు ఆ సంగతి."

పోలి కత్తులన్నిటినీ వరసగా చూసి గొంతు తగ్గించింది. "ముందు అందమైనదాన్నే తీసినట్టుండాడు. మొన వంగింది. ఇంకోటి తీశాడు, పెచ్చు లేచింది. అట్ట ఒకదానెనక ఒకటి చెడగొట్టి కడాకు దీనికొచ్చి ఆగినాడు. నువ్వు సెయ్యాల్సిన ఏరుడు దొంగ జేసి పెట్టినాడయ్యా! ఇదే తీసుకునిపో."

"వాడు ఏరినదాన్ని నేను పట్టుకుపోవాలా?"

"కత్తేం జేసింది పాపం?"

మాట బాగానే ఉంది. కానీ ఈమెకు తన మీద ఇంత దయ ఎందుకు? శరభకేతుడు ఆలోచించాడు. తాళంచెవి ఉండేది సింగారప్ప మెడలో. పెట్టె ఉండేది ఏరు దాటినదగ్గర్నుంచి ఉత్తుంగుడి కాపలాలో. ముసలాయన నిజంగా జ్వరంతోనే పడుకున్నాడా, ఆ మత్తులో ఉండగా తాళంచెవి ఇంకొకరు తీశారా? ఉత్తుంగుడు పొయ్యిపుల్లలకని పొదల్లోకి వెళ్లినప్పుడల్లా అంతసేపు ఎందుకు పట్టేది? ఇద్దర్లో ఎవరనుకున్నా గుండె ఒప్పుకోవడం లేదు. ఒప్పుకోకపోయినా కత్తికి జిగురు ఉంది.

అతను కత్తులన్నిటినీ తుడిచి మళ్లీ ఒరల్లో దోపాడు. కాపరి కత్తిని మాత్రం తుడవకుండా ఒరలోకి అదిమి తొక్కాడు.

"చెప్పాల్సింది చెప్పాను కదా?" అన్నాడు.

"సెప్పినావు. అన్నీ కన్నెకత్తులే, దొంగ చెడగొట్టినయ్యి." పోలి లేచింది. "బిన్నా కానీ. పొగ దగ్గరికొస్తా ఉంది."

బయట గొంగడి పరిచి కత్తులన్నీ ఒరలతోనే వరసపెట్టాడు యువరాజు. "నాకేమీ తోచడం లేదు," అన్నాడు, పసివాడి మొహం పెట్టి. "ఒకటే తీసుకెళ్లాలట. మీ ఇద్దరూ చెప్పండి, ఏది తీసుకోను?"

సింగారప్ప క్షణం ఆలోచించలేదు. పచ్చలపిడి చురకత్తిని రెండు చేతులా ఎత్తి కళ్లకద్దుకున్నాడు. "ఇంకేముంది చిన్నదొరా, మహారాణమ్మ చేతిమీదుగా తమకిచ్చింది. పచ్చకు మంత్రం తగలదంటారు. ఇదే తీసుకోండి, నా మాట వినండి." పిడి వదులైన కత్తి అది. తెలిసే ఇస్తున్నాడా? ముసలాయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. నీళ్లు ఎవరికైనా తిరుగుతాయి.

ఉత్తుంగుడు చప్పరించాడు. "నగల పెట్టెలోవి ఏరుతున్నావేంటి సింగారప్పా? అడవిలోకి పోతున్నాం, పెళ్లికి కాదు. శరభా, పూలూ పిట్టలూ ఉన్నవన్నీ పక్కన పడెయ్. కట్టె చీల్చాలి, ముళ్లు కొట్టాలి, చెకుముకిరాయి మీద కొడితే నిప్పు రాలాలి, మొద్దుబారితే ఏ రాతిమీదైనా నూరుకోగలగాలి. అదిగో ఆ కాపరిది చాలు."

"అదా? ఏదీ చూడనీ," అన్నాడు శరభకేతుడు. "సింగారప్పా, తియ్యి."

సింగారప్ప పిడి పట్టుకుని గుంజాడు. రాలేదు. పళ్లు బిగబట్టి మళ్లీ గుంజాడు. "తుప్పు పట్టి చచ్చినట్టుంది దొరా, ఇది పనికిరాదు."

"ఇటివ్వవయ్యా!" అని ఉత్తుంగుడు అందుకున్నాడు. అందుకుంటూనే ఒర అంచును మోకాటి చిప్ప మీద ఒక్కసారి తట్టాడు. కత్తి జారి చేతిలోకి వచ్చింది.

వాకిట్లో కూర్చున్న పోలి మామిడికాయ ముక్క చప్పరించబోయి ఆగిపోయింది.

చేతికి అలవాటైన పని అది. కాపరుల మధ్య బతికే పోలికి ఆ కిటుకు తెలియొచ్చు, కోటలో పెరిగినవాడు మాత్రం ఆ కత్తిని ఎన్నోసార్లు తీసి ఉంటే తప్ప అలా తీయడు. శరభకేతుడి లోపల ఏదో తెగి కిందపడినట్టయింది. మొహం మాత్రం కదలనీయలేదు. ఇప్పుడు గద్దిస్తే ఉత్తుంగుడు కత్తి దూస్తాడు, లేదా గుర్రమెక్కి వెనక్కి రౌతుల్లోకి పోతాడు. మాంత్రికుడి తోటకు దారి తెలిసినవాడు ఎవరైనా ఉంటే, మాంత్రికుడితో మాట్లాడినవాడే. వాణ్ని పోగొట్టుకుంటే వల్లకిని పోగొట్టుకున్నట్టే.

"బాగుంది," అన్నాడు చేయి చాచి. "ఇదే నాది."

ఉత్తుంగుడు రెప్పపాటు తటపటాయించి కత్తిని పిడివైపు తిప్పి ఇచ్చాడు. తన వంతుకు తన పొడుగు ఖడ్గమే ఉంచుకుని మొలలోని బాకు గొంగడి మీద పడేశాడు.

అంతలో కొండ మలుపులో కొమ్ము మోగింది. పొగ ముద్దలు ముద్దలుగా కనుమలోకి దిగుతూ ఉంది.

"ఆ బాకు కత తిరిగొచ్చినాక చెబుదువు, నడవండి!" పోలి అరిచింది. "ముసలాయన నాతో ఉంటాడు. ఈ జరంతో వంతెన మీదికొస్తే లోయలోకే."

"చిన్నదొరా..." అంటూ సింగారప్ప చేతులు జోడించాడు. శరభకేతుడు ఆయన జోడించిన చేతుల్ని ఒక్కసారి గట్టిగా పట్టుకుని వదిలేశాడు. ఇంతసేపూ ఆ చేతుల్ని అనుమానించానని చెప్పే వ్యవధి లేదు.

"ఉత్తుంగా, నువ్వు ముందు నడువు."

"ఎప్పుడూ ముందు నడిచేది నువ్వు కదా?"

"ఇవాళ నువ్వు."

పేముతీగలు ఇద్దరి బరువుకు కిర్రుమంటూ సాగాయి. కాళ్లకింద తెల్లటి మంచు, మంచుకింద నీటిహోరు. వాన చినుకులకు తీగలు పాముల్లా జారుతున్నాయి. వెనక రాతి వాకిట్లో గుర్రాల సకిలింపు. పోలి ఇంటి ఆడవాళ్లు రౌతుల మీదికి బండలు దొర్లిస్తున్న చప్పుడు. అవతలి గట్టు ఇంకాస్త దూరంలో ఉందనగా ఉత్తుంగుడు ఆగాడు. వెనక్కి తిరగలేదు.

"మోకాటి దగ్గర తెలిసిందా?" అని అడిగాడు.

శరభకేతుడు చేతిలోని కాపరి కత్తిని బిగించి పట్టుకున్నాడు.

"నాకూ అప్పుడే తెలిసింది. తట్టేశాక." ఒక్క ఉదుటున తిరిగాడు. ఖడ్గం మెరిసింది. "వెనక్కి నడువు శరభా. వాళ్లు నిన్ను చంపరు. చంపొద్దని మాట తీసుకున్నాను."

"ఎవరి మాట? భస్మలోచనుడి మాటా?"

"నడవమన్నాను!"

యువరాజు వెనక్కి వేయాల్సిన అడుగును ముందుకు వేశాడు. ఖడ్గం గిర్రున తిరిగి వచ్చింది. వంగిన అతని తల మీదుగా పోయి పక్కనున్న పేముతీగను తెగ్గొట్టింది. తెగిన తీగ కొరడాలా లేచింది. వంతెన ఒక పక్కకు ఒరిగి, రెండో తీగ కూడా బరువు తాళలేక ఇవతలి గట్టున ఫట్టుమని తెగింది. లోకమంతా ఒక్కసారి ఊగింది. ఉయ్యాలలా పోయి ఇద్దరూ అవతలి కొండగోడకు కొట్టుకున్నారు.

శరభకేతుడి భుజం బండకు తగిలి కళ్లు బైర్లు కమ్మాయి. జారుతూ, చేతికి అందిన మొదటి చోట కత్తి దింపాడు. గోడలోంచి పొడుచుకొచ్చిన లావాటి చెట్టువేరు అది. జానెడు ఇనుమూ పిడిదాకా దిగి నిలిచింది. అదే క్షణంలో అతని నడుముకు ఏదో బరువు తగిలి కిందికి లాగింది. ఉత్తుంగుడు. రెండు చేతులా అతని నడికట్టు పట్టుకుని వేలాడుతున్నాడు. అతని ఖడ్గం మంచులో మునిగి, చాలాసేపటికి అడుగున ఎక్కడో ఖంగుమంది.

ఇద్దరి బరువూ ఆ ఒక్క కత్తి మీద. నెమలిపిడి బాకైతే ఈపాటికి విరిగేది.

"నీకేం ఇస్తానన్నాడు?" శరభకేతుడు రొప్పుతూ అడిగాడు. "రాజ్యమా?"

"రాజ్యమెవడిక్కావాలి!" కిందినుంచి గొంతు వచ్చింది. "నీడ కావాలట వాడికి. రాజవంశపు నీడ ఉంటే వాడికి చావుండదట. నువ్వో, వల్లకో, ఒకర్నే వదులుతానన్నాడు. నేను వల్లకిని వదలమన్నాను."

వాన నీళ్లు గోడవెంట ఇద్దరి మొహాల మీదికీ కారుతున్నాయి.

"నన్నడిగితే నేనూ వల్లకనే చెప్పేవాణ్ణి కదరా," అన్నాడు శరభకేతుడు. "అడగలేదు నువ్వు."

నడికట్టు మీది వేళ్లు ఒక్కటొక్కటిగా జారుతున్నాయి. ఇతను చెప్పింది నిజమో, వేలాడుతున్నవాడు బతకడానికి అల్లిన కథో తేల్చుకునే తీరిక లేదు. ఒక్క విదిలింపు చాలు. విదిలిస్తే తోటకు దారి కూడా లోయలో పడుతుంది.

"నా కాలు పట్టుకుని పక్కనున్న తీగనందుకో," అన్నాడు. "ఎక్కు."

గట్టెక్కేసరికి ఇద్దరి అరచేతుల్లోనూ తోలు లేదు. అవతల వాకిట్లో రౌతులు నల్లటి చుక్కల్లా అటూ ఇటూ తిరుగుతున్నారు. వాళ్లకిక దారి లేదు. వీళ్లకూ వెనక్కి దారి లేదు. శరభకేతుడు పొట్టమీద పడుకుని, వేరులో దిగిన కత్తిని రెండు చేతులా ఊడబెరికాడు. మొన వంగలేదు.

"తోట ఎటు?"

"ఆ గుట్ట వెనక. వాడు చూపించిన దారే చెప్తున్నాను, అంతకుమించి నాకూ తెలియదు," అని ఉత్తుంగుడు మెడ తడుముకుంటూ కత్తి వైపు చూశాడు. "ఇద్దరికీ ఇక అదొక్కటే."

"ఇద్దరికీ కాదు, నాకొక్కడికే."

"ఎప్పుడో ఒకప్పుడు నిద్రపోతావు కదా."

"నువ్వూ పోతావు."

నాలుగడుగులు వేశారో లేదో అడవి అడ్డుపడింది. గచ్చపొదలు. ఒకదానిలోకి ఒకటి అల్లుకుని, గద్దగోళ్లలాంటి ముళ్లతో కోటగోడలా లేచి ఉన్నాయి. పక్కకు తోవ లేదు. కొట్టుకుంటూ పోవాల్సిందే. ఉత్తుంగుడు కత్తి కోసం అరచేయి చాచాడు. దారి తెలిసినవాడు ముందుండాలి, ముందున్నవాడి చేతిలో కత్తి ఉండాలి. న్యాయమే. కత్తి అతని చేతికిస్తే అతను ఎదురుతిరుగుతాడు. ఇవ్వకుండా తను ముందు కొడితే తన వీపు అతనికి దొరుకుతుంది.

"నేనే కొడతాను," అన్నాడు శరభకేతుడు. "నువ్వు వెనక మాట్లాడుతూ రా. నీ గొంతు ఎంత దూరంలో ఉందో నాకు తెలియాలి. ఆగితే తిరుగుతాను. తిరిగితే కత్తితో తిరుగుతాను."

"ఏం మాట్లాడను?"

"వల్లకి గురించి మాట్లాడు. అది నిజమో కాదో కూడా తెలుస్తుంది."

కత్తి లేచింది, దిగింది. గచ్చకొమ్మలు తెగి పడుతున్నాయి. వెనక ఉత్తుంగుడు చెబుతున్నాడు. వల్లకి ఏనుగు కొట్టంలో దాక్కుని బెల్లం తిన్న సంగతి, మావటి పట్టుకుంటే తనమీదికి నెట్టేసిన సంగతి, దెబ్బలు తను తింటే నవ్విన సంగతి. "నవ్వి, తర్వాత పసుపు పట్టుకొచ్చింది. అదీ ఎవరూ చూడకుండా. వాపు మీద రాస్తూ ఏమందో తెలుసా శరభా, నేనేదో దాని కోసం..."

మాట ఆగిపోయింది.

శరభకేతుడు గిర్రున తిరిగాడు, కత్తి ముందుకు చాచి. ఉత్తుంగుడు ఇందాక గొంతు వినిపించిన దూరంలోనే ఉన్నాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. కానీ అతని చూపు యువరాజు మీద లేదు. యువరాజు భుజం పక్కనుంచి, అప్పుడే కొట్టిన పొద సందులోకి ఉంది.

"కదలకు," అన్నాడు ఉత్తుంగుడు, పెదాలు మెదపకుండా. "వెనక్కి తిరగొద్దు. తిరిగితే అది దూకుతుంది. కత్తి ఇలా విసురు."

అచ్చం నమ్మకద్రోహి అనాల్సిన మాటే. శరభకేతుడు చెవులు రిక్కించాడు. ఆకుల మీద వాన చినుకులు తప్ప ఏమీ వినపడలేదు. అడుగుల చప్పుడు లేదు, గుర్రుమనడం లేదు. కళ్లెదుట ఉన్నవాడి మొహంలో రక్తం లేదు. మొహం తెల్లబడటం నటించొచ్చా? చిన్నప్పటినుంచి ఇతను ఎన్ని నటించాడో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

మెడ వెనక వెచ్చగా ఏదో సోకింది. పచ్చిమాంసం వాసన. గాలేమో. అడవిలో చచ్చిన జంతువేదో ఉందేమో.

"శరభా, విసురు!"

తనకు వల్లకి కావాలి. ఇతనికీ వల్లకే కావాలి, ఇందాక విన్న ఆ బెల్లం కథ నిజమైతే. శరభకేతుడు కత్తిని అరచేతిలో తిప్పాడు, పిడి ముందుకు వచ్చేలా. చేయి ఊపి వదిలేశాడు.

కాపరి కత్తి వానలో గిరికీ కొడుతూ పోయింది. ఉత్తుంగుడు దాన్ని అందుకున్నాడు, చేతిని చెవిదాకా వెనక్కి లాగాడు, శరభకేతుడి కళ్లలోకి సూటిగా చూస్తూ విసిరాడు.